మూత కాడ ఎవరున్నరు?

"వాడికి మోటివేషన్ లేదు చీఫ్! వాడికున్న జబ్బల్లా అదొక్కటే."

ఫోన్లో ఆ మాట అన్నది విశాఖపట్నంలో ఉండే డివిజనల్ ఆఫీసర్, పొట్టి పేరు డీవో. అంటే, నేవీ ఓడ మీది నావికుల కష్టసుఖాలు కనుక్కోవడానికి సర్కారు జీతమిచ్చి పెట్టుకున్న దొర. విన్నది చీఫ్ పెట్టీ ఆఫీసర్ విజయేందర్. అప్పుడతను మందమర్రిలో తండ్రి ఇంటి ముందు గద్దె మీద కూర్చొని, ముసలాయన కంట్లో మందు చుక్కలు వేస్తున్నాడు. రాయమల్లుకు కరీంనగర్‌లో శుక్లం తీశారు. ఆ పేరు మీద దొరికిన సెలవిది. సెలవులో కూడా ఓడ వెతుక్కుంటూ వచ్చి నెత్తిన కూర్చుంది.

సంగతేమిటంటే, అదే ఓడలో పనిచేసే రాజ్‌కుమార్ అనే కుర్రాడు సెలవు మీద ఇంటికొచ్చి మళ్ళీ పోలేదు. వాడిదీ మందమర్రే, బొగ్గుబాయి కార్మికుల కాలనీ. గడువు దాటింది. ఇంకొన్నాళ్ళు ఆగితే పారిపోయినవాడని రాసేస్తారు. తర్వాత పోలీసులు, కేసు, ఊళ్ళో తలవంపులు. ఇక బతుకంతా ఏ సర్కారు కొలువు గడపా తొక్కలేడు.

"మీ ఊరివాడేగా! మీ భాషలో నాలుగు మంచి మాటలు చెప్పి వెంటబెట్టుకు రండి," అన్నాడు దొర హిందీలో. "యూనిఫాంలో వెళ్ళండి. మనిషి మీద ప్రభావం ఉంటుంది. ఓడలో నేనైతే క్లాసు కూడా పెట్టించాను. బయటి నుంచి స్పీకర్‌ను పిలిపించాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వీడొక్కడే మొద్దులా కూర్చున్నాడు."

విజయేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. దొర మీద కాదు, రాజ్‌కుమార్ మీద. ఆ పిల్లవాడు ఓడెక్కిన రోజున "మా ఊరోడు" అని మెస్సంతా తిప్పి చూపించింది తనే. మూడు నెలలు శిక్షణకని తను కొచ్చికి పోయొచ్చేసరికి ఇదా వాడు చేసిన నిర్వాకం? కొలువు దొరకడానికి ఎంతమంది పొద్దున్నే రోడ్ల మీద ఉరుకుతున్నారు! నోటిదాకా వచ్చిన ముద్దను కాలదన్నుకుంటాడా?

లోపలికి పోయి తెల్ల యూనిఫాం తీశాడు. ఇస్త్రీ మడత చెదరకుండా తొడుక్కున్నాడు. ఛాతీ మీద పతకాల రిబ్బన్లు సరిచేసుకున్నాడు. రాయమల్లు నల్ల కళ్ళద్దాల్లోంచి కొడుకును ఎగాదిగా చూశాడు.

"గా తెల్లబట్టలెందుకురా? షిఫ్టు నడిచే యాల్ల కాలనీలకు ఎవలన్న గట్ల పోతరా? మామూలు అంగీ తొడుక్కొని పో."

"నువ్వూకో బాపు. గీ బట్టలు చూస్తెనన్న వానికి బుద్ధొస్తది."

"నీకు బుద్ధొస్తే సాలు," అని ముసలాయన పక్కకు తిరిగి పడుకున్నాడు.

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూట విప్పి చూసే తీరిక కోపంలో ఉన్నవాడికి ఎక్కడిది? చిన్ననాటి దోస్తు పరశురాములు దగ్గర తెల్ల బొలెరో ఉంది. దాన్ని బొగ్గు కంపెనీకి కిరాయికి తిప్పుతాడు. ఆ రోజు బండి ఖాళీగా ఉంది. విజయేందర్ తాళాలు అడిగి తీసుకొని తనే నడుపుకుంటూ పోయాడు. ముందు అద్దానికి కంపెనీ బోర్డు అలాగే ఉందన్న ధ్యాస అతనికి లేదు.

కాలనీలో అది నీళ్ళొచ్చే వేళ. మొదటి షిఫ్టు మగవాళ్ళంతా బాయిలో ఉన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెల కోసం పోట్లాడుకుంటున్నారు. బొలెరో వీధిలోకి తిరిగింది. అంతే, పోట్లాట ఆగిపోయింది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఒక్కరూ కుళాయి కట్టలేదు. బండి పోయినకొద్దీ గడపల్లోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చి నిలబడ్డారు. ఆ చూపులు విజయేందర్ కంట్లో పడకపోలేదు. యూనిఫాం చూసి మురిసిపోతున్నారనుకున్నాడు పిచ్చిమారాజు.

రాజ్‌కుమార్ వాళ్ళ క్వార్టర్ ముందు బండి ఆపి దిగాడు. ఎండ మాడ్చేస్తోంది. టోపీ తీసి చేతిలో పట్టుకొని గేటు వైపు నడిచాడు.

వాకిట్లో గంగుబాయి బియ్యం చెరుగుతోంది. రాజ్‌కుమార్ తల్లి ఆమె. తలెత్తి బోర్డు చూసింది, తెల్లబట్టలు చూసింది, చేతిలో టోపీ చూసింది. చాట కిందపడి బియ్యం వాకిలంతా చెదిరిపోయాయి.

"నా ఇల్లు ముంచినవా బాయీ! ఓ దేవుడో, నా మొగన్ని మింగినవా!"

నేల మీద కూలబడి రెండు చేతులా గుండెలు బాదుకుంటోంది. పక్కింటి మంజుల పరుగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకొని తనూ గొల్లుమంది. వీధంతా అక్కడికే ఉరికొచ్చింది.

"అక్కా, అక్కా! నేను కంపెనీ మనిషిని గాదు! నేవీల నుంచచ్చిన!" అని విజయేందర్ అరుస్తున్నాడు. వినేదెవరు?

అప్పుడు తగిలింది అతనికి, చెంప మీద కొట్టినట్టు. తను పుట్టింది ఇలాంటి క్వార్టర్‌లోనే. షిఫ్టు నడిచే వేళ కంపెనీ బండి వీధిలోకి వచ్చిందంటే, చలవ బట్టలేసుకున్న మనిషి టోపీ తీసి దిగాడంటే, దానికి అర్థం ఒకటే. బాయిలో పైకప్పు కూలింది, ఈ ఇంటాయన రాడు. ఆ బండి తమ గడప దాటిపోవాలని తన తల్లి కొంగు నోట్లో కుక్కుకొని నిలబడడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాడు! సముద్రం మీద తిరిగి తిరిగి అదంతా మరిచిపోయాడు. ప్రభావం కావాలన్నాడు కదా దొర. ఇదిగో, కావలసినంత ప్రభావం.

ఇంట్లోంచి రాజ్‌కుమార్ బనీను మీదే బయటికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. విజయేందర్‌ను చూసి నిలువునా బిగుసుకుపోయి, వెంటనే తల్లి దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, నీకు దండం పెడ్త. బాపుకేం గాలే. గాయన మా చీఫ్ సారు. నా కోసమచ్చిండు."

ఏడుపు ఠక్కున ఆగింది. గంగుబాయి కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. ఇక చూడాలి ఆమె అవతారం.

"నీ బట్టల్ల మన్నువొయ్య! బొగ్గుబాయి కాలనీలకు షిఫ్టు టైముల గిట్ల వస్తరా ఎవలన్న? నువ్వు ఎవ్వల కొడుకువు? మీ ఇంట్ల నీకు చెప్పెటోళ్ళు లేరా?"

"రాయమల్లు కొడుకునక్కా. బాయిల షిఫ్టు సర్దార్ చేసిన రాయమల్లు."

"థూ! గసొంటి మనిషి కడుపున పుట్టి గిదా నీ తెలివి?"

విజయేందర్ వంగి చెదిరిన బియ్యం ఎత్తబోయాడు. ఆమె చేత్తో తోసేసింది. మంజుల వీధివాళ్ళను సర్ది పంపించి, తనే బియ్యం ఎత్తుకొని చాటలో పోసింది. తిట్టినా ఇంటికొచ్చినవాడని గంగుబాయి మంచం వాల్చింది, నీళ్ళు తెచ్చిచ్చింది.

అతను తెచ్చుకున్న నాలుగు మంచి మాటలు గొంతులోనే ఉన్నాయి. వచ్చినందుకు చెప్పాలి కదా అని మొదలుపెట్టాడు.

"రాజ్‌కుమార్, నౌకరీ అన్నంక కష్టాలుంటయి. మొదట్ల నేను గుడ ఏడ్చిన. గని ధైర్నం ఇడిస్తె ఎట్ల? సముద్రం ధైర్నం ఉన్నోన్నే..."

రాజ్‌కుమార్ నేల చూస్తున్నాడు. గంగుబాయి మాత్రం పకపకా నవ్వింది. అది నవ్వులా లేదు.

"సింహం గురించి చెప్పవా సారు? గది గుడ చెప్పు. గది లేకుంటె కత ఎట్లయితది?"

లోపలికి పోయి పింగాణీ కప్పొకటి పట్టుకొచ్చింది. దాని మీద నోరు తెరిచిన సింహం బొమ్మ, కింద 'ఓడలో ఉత్తమ స్ఫూర్తి' అని హిందీ అక్షరాలు. కప్పుకు నూకలు అంటుకొని ఉన్నాయి. దాంతో ఆమె కోళ్ళకు నూకలు పోస్తోంది.

"గిది ఎందుకిచ్చిన్రో నీకెరికేనా?"

విజయేందర్‌కు తెలియదు. "ఏం జరిగిందిరా?" అన్నాడు రాజ్‌కుమార్ వైపు తిరిగి. ఓడవాళ్ళలో ఆ ప్రశ్న అతన్ని అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు. అందుకేనేమో ఆ కుర్రాడు నేల మీంచి తలెత్తాడు.

"మంచినీళ్ళ ట్యాంకు కడిగెటందుకు నలుగురం దిగినం సార్. ఓడ అడుగున పెద్ద ట్యాంకు. లోపల అడ్డగోడలు ఉంటయి గదా, నేను ఆఖరి అరల ఉన్న. గా రోజు పెద్ద అడ్మిరల్ సాబ్ వస్తుండని పైన పరేషాన్ పరేషాన్ ఉన్నది. జల్దీ మూసేయిమని డీవో సాబ్ మొత్తుకున్నడట. ముగ్గురు ఎక్కిన్రు. నేను పైకెక్కే కంత దాకా వచ్చేసరికి మూత పడ్డది. బోల్టులు బిగించిన్రు."

"మూత కాడ ఎవరున్నరు?" విజయేందర్ గొంతు మారిపోయింది. ట్యాంకులో మనుషులుంటే మూత దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. దిగినవాళ్ళంతా ఎక్కేదాకా వాడికి వేరే పని ఉండకూడదు. అది ఓడలో అందరికీ తెలిసిన నియమం.

"ఎవ్వరు లేరు సార్. మూత కాడ నిలవడ్డాయన్ను గుడ పరేడ్ల వరసకు తక్కువ పడ్డరని తీస్కపోయిన్రు. నేను గీకుడు పారతోని గోడ కొట్టుకుంట ఒర్లిన. పైన బ్యాండు వాయిస్తున్నరు. బ్యాండు ఆగింది, నాకు ఇనబడ్డది. ఇగ వస్తరు అనుకున్న. ఎవ్వరు రాలే. తర్వాత నీళ్ళు ఇడిచిన్రు."

గంగుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ మాట ఎన్నిసార్లు విన్నదో గానీ, ప్రతిసారీ ఆ నీళ్ళు ఆమె కొడుకు కాళ్ళ మీదికే వస్తున్నాయి.

"నడుము దాకా వచ్చినయి సార్. వంటింట్ల బీహార్ పిలగాడు కింద టంగు టంగు మంటుందని పోయి చెప్తె, అప్పుడు తీసిన్రు."

"తీసి?"

"డీవో సాబ్ పిలిచిండు. గిది బయటికి పోతె ఎంక్వైరీ అయితది, మీ ముగ్గురు దోస్తుల నౌకర్లు పోతయి, ఊకో అన్నడు. దవాఖాన్ల చూపిస్తె రాసుడు అయితదని గది గుడ లే. రెండు రోజులకు క్లాసు పెట్టిన్రు. నన్ను స్టేజి ఎక్కించి, గీయన భయాన్ని గెలిచిన సింహం అని చప్పట్లు కొట్టించిండ్రు. గా కప్పు ఇచ్చిండ్రు. అందరితోని 'నేను సింహాన్ని' అని ఒర్లిపిచ్చిండ్రు. నా నోట్లకెంచి రాలే సార్."

విజయేందర్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఒరే, ఎంత నంగనాచితనం! బతికున్నవాణ్ణి గోరీలో పెట్టినట్టు పెట్టి, పైన బ్యాండు వాయించుకొని, నీళ్ళొదిలి, ఆఖరికి వాడికి మోటివేషన్ లేదట! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ ఎలుకకు మళ్ళీ ధైర్యం మీద ఉపన్యాసం!

"నాకు సముద్రమంటె భయం లే సార్," అన్నాడు రాజ్‌కుమార్ మెల్లగా. "తుఫాన్ల గుడ డ్యూటీ చేసిన. గని పైనున్నోళ్ళు నేనేడున్ననని అడుగుతరన్న నమ్మకం పోయింది. అందరు ఎక్కిన్రా, రాజ్‌కుమార్ ఏడి అని ఒక్కడన్న అనద్దా?"

"బాయిల అయితె అంటరు!" గంగుబాయి అందుకుంది. "బాయిల మా ఆయన ఎవ్వడు? వెయ్యి మందిల ఒక్కడు. అయినా షిఫ్టు దిగంగనె ల్యాంపు రూముల నెత్తి మీది ల్యాంపు వెట్టాలె. ఒక్క ల్యాంపు రాలేదంటె సర్దార్ ఇంటికి పోతడా? మీ బాపు పోయిండా ఎన్నడన్న?"

పోలేదు. అది విజయేందర్‌కు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఒక దసరా నాడు బాపు కోసం చూసి చూసి అవ్వ వండినదంతా చల్లారిపోయింది. ఒక ల్యాంపు తక్కువ పడిందని రాయమల్లు మళ్ళీ బాయి దిగాడు. పనిచేసిన ప్రతి మూలా తిరిగాడు, పేరు పెట్టి పిలిచాడు. తీరా చూస్తే ఆ ల్యాంపు తాలూకు కైలాసం, ఇంకో దారిన పైకొచ్చి, ల్యాంపు నెత్తిన పెట్టుకొనే కల్లు మండువలో కూర్చున్నాడు! ఊరు ఊరంతా నవ్వింది. పండగ పూట పిచ్చోడిలా తిరిగావని అవ్వ తిట్టింది. "వాడు తాగుతున్నడు గాబట్టి సరిపాయె, కూలిన కప్పు కింద ఉంటె?" అని రాయమల్లు చల్లటి అన్నం తిని పడుకున్నాడు. ఆయన ఎవరికీ ఉపన్యాసం ఇచ్చిన పాపాన పోలేదు. కానీ ఆయన షిఫ్టంటే జనం ముందుకొచ్చి దిగేవాళ్ళు.

జేబులో ఫోను మోగింది. దొరే.

"ఏమైంది చీఫ్? మోటివేట్ చేశారా?"

విజయేందర్ అందరికీ వినబడేలా ఫోను మంచం మీద పెట్టాడు.

"అయింది సర్. బాగా అయింది. వాడికి కాదు, నాకు. ట్యాంకు సంగతి నాకెందుకు చెప్పలేదు సర్?"

అవతల దొర గొంతు సవరించుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఫోన్లో కూడా తెలుస్తుంది.

"అదా... చిన్న పొరపాటు. ఎవరికీ ఏమీ కాలేదుగా? ఆ రోజు మన ఓడకు ఎంత మంచి పేరొచ్చిందో తెలుసా? చూడండి, పాతది తవ్వుకుంటే అందరికీ నష్టమే. మీ ప్రమోషన్ కూడా దగ్గర్లో ఉంది. కుర్రాడు రాగానే ఇంకో సెషన్ పెట్టిద్దాం, ఈసారి ఇంకా మంచి స్పీకర్‌తో. వాడికి కావలసింది అదే కదా?"

"కాదు సర్. స్పీకర్ వద్దు. మేం రాగానే ఆ ట్యాంకు మూత తీయిద్దాం. మీరు దిగండి, ఆఖరి అరదాకా పోండి. పైన రాజ్‌కుమార్ నిలబడతాడు."

"వాట్?"

"మీకు మోటివేషన్ ఉంది కదా సర్. దిగండి. వాడు మిమ్మల్ని మరిచిపోడు. సర్దార్లున్న ఊరివాడు వాడు."

"హద్దు మీరుతున్నారు చీఫ్!"

"మీరాను సర్. ఇక కెప్టెన్ గారి ముందు కూడా మీరుతాను. ఈ కుర్రాడి నోటితో చెప్పిస్తాను, నా చేత్తో రాసిస్తాను. మూత దగ్గరి మనిషిని ఎవరు తీశారో, దవాఖానకు ఎందుకు పంపలేదో ఆయనే అడుగుతారు. జై హింద్ సర్."

ఫోను కట్ చేశాడు. పద్దెనిమిదేళ్ళ నౌకరీలో ఆఫీసరు మాట పూర్తికాకుండా ఫోను కట్ చేయడం అదే మొదలు. ఒంటికి చెమటలు పట్టాయి. అయినా ప్రాణానికి చల్లగానే ఉంది.

"నిజంగనె దిగుతడా గాయన?" అంది గంగుబాయి. ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

"దిగడక్కా. గసొంటోళ్ళు దిగరు. గని రాజ్‌కుమార్ రాకుంటె వీడు దొంగయితడు, వాళ్ళు దొరలైతరు. కప్పులు పంచుకుంట ఇంకొకన్ని ట్యాంకుల మూస్తరు. నువ్వే చెప్పు రాజ్‌కుమార్. రమ్మని నిన్ను గుంజను. నాతోని వస్తవా?"

కుర్రాడు గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజుకు చాలినన్ని మాటలు అయ్యాయి.

పొద్దు వాలింది. మొదటి షిఫ్టు వదిలారు. రాజ్‌కుమార్ తండ్రి దశరథం సైకిల్ మీద వీధి మలుపు తిరిగాడు. తన ఇంటి ముందు కంపెనీ బండి. వాకిట్లో తెల్లబట్టల మనిషి. బాయిలో తనేమో క్షేమంగా బయటికొచ్చాడు. మరి ఇంట్లో ఎవరు? సెలవు మీద వచ్చిన కొడుకు అన్నం ముట్టక, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నాడు. సైకిల్ అక్కడే వదిలేశాడు. టిఫిన్ గిన్నె దొర్లిపోయింది. చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తాడు.

"రాజూ! నా కొడుకేడి? గంగూ, నా కొడుకేడి?"

"ఈడ్నే ఉన్న బాపు! బాపూ, ఈడ్నే ఉన్న!"

దశరథం మసి చేతులతో కొడుకు తల, భుజాలు, వీపు తడిమాడు. రాజ్‌కుమార్ బనీను నిండా నల్లటి చేతి ముద్రలు. అందరు ఎక్కిన్రా, రాజ్‌కుమార్ ఏడి అని అడిగే మనిషి కోసం కదా ఆ కుర్రాడు అన్నాళ్ళూ కాచుకున్నది! తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓడలో రాని ఏడుపు అది.

విజయేందర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. తెల్లబట్టల తప్పు కూడా దాచలేదు. దశరథం గుక్కెడు నీళ్ళు తాగి అంతా విన్నాడు. దేశం గురించి, ధైర్యం గురించి ఏమీ అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"మల్ల గా ట్యాంకుల దించుతరు వీన్ని. నౌకరన్నంక దిగాలె. వీడు పైకొచ్చేదాకా నువ్వు ఆడ్నే ఉంటవా? ఎవ్వడు పిలిచినా పోవు గదా?"

"పోనన్నా."

"అడ్మిరల్ అచ్చినా?"

"ఎవ్వలచ్చినా పోను. రాయమల్లు కొడుకును."

దశరథం కొడుకు వైపు చూశాడు. రాజ్‌కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపే పోదాం సార్," అన్నాడు. "కెప్టెన్ సాబ్ ముంగట నేనే చెప్త. మీరు నా పక్కకు ఉండున్రి."

గంగుబాయి దండెం మీది లుంగీ తీసి విజయేందర్ ఒళ్ళోకి విసిరింది.

"ముందుగాల గా తెల్లబట్టలు ఇప్పు. గవి నా కండ్ల ముంగటుంటె నాకు బువ్వ తిన బుద్ధిగాదు. బండి గుడ గల్లి అవుతల పెట్టిరా, పక్కింటోళ్ళు ఇంకా వాకిట్లనే నిలవడ్డరు."